నాన్నను లేపలేదు

"ఆయన లేచారా?"

"లేచారు. మెల్లగా మాట్లాడండి."

"ఏటి చెప్పినావు?"

"కారొచ్చింది, మీరు మంచి నిద్రలో ఉన్నారు, లేపడానికి మనసొప్పలేదు అని చెప్పాను. ఇంకేటి చెప్తాను?"

ఉదయ్‌కుమార్ చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి భార్య ముఖంలోకి చూశాడు. తెలుగు సంఘం సభ నుంచి కూతురు వందనని స్కూటర్ మీద ఎక్కించుకుని తిన్నగా ఇంటికి వచ్చాడు. 

"అక్కడ సంఘం కృష్ణమోహన్ గారు ఇంకోలాగ చెప్పినారు మరి."

మణిమాల అల్లం దంచడం ఆపింది.

"మామయ్యకి ఆ పుస్తకం నచ్చలేదంట. సభకి రానన్నారంట. మైకులో అనలేదులే. మీ చెల్లి రోహిణిని పక్కకి పిలిచి చెవిలో చెప్పినారు. నాను వెనకే ఉన్నాను. ఆ మాట ఆయనకి ఎవరు చెప్పినారు మణీ?"

"నాకేటి తెలుసు?"

"కారు గేటు కాడికొచ్చినప్పుడు ఇంట్లో ఉన్నది మీరిద్దరే. మామయ్య పడుకున్నారని నువ్వే అంటన్నావు."

మణిమాల మళ్ళీ అల్లం దంచింది. టీకి అంత అల్లం అక్కర్లేదు.

ఈ ఇంట్లో దెబ్బలాటలన్నీ గుసగుసగానే జరుగుతాయి. కొత్తవాళ్ళు చూస్తే ఆలుమగలు ఏవో ముద్దుముచ్చట్లలో ఉన్నారని సిగ్గుపడి తప్పుకుంటారు. తప్పుకోవలసిందే, కానీ అందుకు కాదు.

ఈ గుసగుస మణిమాల పుట్టింటి ఆస్తి. ఆమె తండ్రి బలరాం శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీ ఫర్నేస్‌లో చేరినవాడు. నైట్ షిఫ్ట్ చేసి తెల్లారి ఇంటికొచ్చి పడుకుంటే, ఇక సాయంత్రం దాకా ఆ ఇంట్లో గిన్నె మోగకూడదు, తలుపు కొట్టుకోకూడదు, పిల్ల ఏడవకూడదు. నైట్ డ్యూటీ మనిషిని లేపకూడదు. చుట్టాలొచ్చినా సరే, వానకి ఆరేసిన బట్టలు తడిసిపోతున్నా సరే. వాళ్ళ అమ్మ గున్నమ్మ పెట్టిన చట్టమది. ఆ మాటకొస్తే ఫ్యాక్టరీ వాళ్ళుండే సెక్టర్‌లో ప్రతి క్వార్టర్‌లోనూ అదే చట్టం. బలరాం రిటైరై పెద్ద కూతురి దగ్గరికి వచ్చేశాడు, గున్నమ్మ పోయింది, చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం భోంచేసి బలరాం మంచమెక్కితే ఇప్పటికీ సెక్టర్ రెండులోని ఈ ఇల్లు నోరు మూసుకుంటుంది.

సరిగ్గా ఈ నోరు మూసుకోవడం మీదే చెల్లెలు రోహిణి పుస్తకం రాసింది. దుర్గ్‌లో బడి పంతులమ్మ, తెలుగు కంటే హిందీ బాగా వచ్చిన పిల్ల, హిందీలోనే రాసింది. 'దిన్‌వాలీ నీంద్' అని పేరు, అంటే పగటి నిద్ర. పిల్లల బొమ్మల పుస్తకం, గట్టిగా చదివితే టీ చల్లారేలోపు అయిపోతుంది. నాన్న పగలంతా నిద్రపోతాడు. ఆయన వినలేకపోయిన చప్పుళ్ళన్నీ, కూరగాయలవాడి కేక, కుక్కర్ కూత, రేకు మీద వాన, చిన్న పిల్ల ఒకతి నేతి డబ్బాలో దాచిపెట్టి, సాయంత్రం ఆయన లేచాక మూత తీసి వినిపిస్తుంది. చివరి బొమ్మలో నాన్న రిటైరైపోయాడు. పగలే మేలుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఇంకా గుసగుసలాడుకుంటూనే ఉన్నారు. ఆయనతో గట్టిగా మాట్లాడడం ఎవరికీ చేతకావడం లేదు. అంతే కథ.

పిల్లలు డబ్బా బొమ్మ చూసి నవ్వారు. పెద్దవాళ్ళు ఆఖరి పేజీ దగ్గర ఏమైపోయారో చెప్పనక్కర్లేదు. క్యాంప్ రెండు బస్తీలో మనవడికని కొన్న పుస్తకాన్ని టీ కొట్టులో తామే చదువుకుని కళ్ళు తుడుచుకున్న తాతలున్నారు. క్రేన్ నడిపే ఒకాయన రోహిణికి ఫోన్ చేసి, మాట రాక పెట్టేశాడట.

మణిమాలకి మాత్రం ఒళ్ళు మండింది.

మొదటి కారణం, ఆ పుస్తకంలో ఉన్నది ఒక్క పిల్లే. రెండోది అంతకంటే ఘోరం. గేటు దగ్గర ఒక నల్ల కుక్క ఉంటుంది. ఎవరు చప్పుడు చేసినా పళ్ళు బయటపెడుతుంది. చిన్నప్పుడు గేటు దగ్గర కూర్చుని ఐస్‌వాడిని తరిమింది ఎవరో, పక్కింటి రేడియో తగ్గించమని వెళ్ళి తగువు పడింది ఎవరో మణిమాలకి బాగా తెలుసు.

ఇవి కూడా దిగమింగుకునేదే. తండ్రి చేసినదాన్ని దిగమింగలేకపోయింది. ఎన్నడూ ఎవరినీ ఏమీ అనని బలరాం, మనవరాలి చేత ఆ పుస్తకం చదివించుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అప్పట్నుంచి అది దిండు కిందే. పాల బూత్‌కి వెళ్తే చంకలో అదే. "మా చిన్నమ్మాయి రాసింది" అని కనపడినవాడికల్లా చూపిస్తాడు. ఆయన మాత్రలు ఏ పూట ఏవో తెలిసింది పెద్ద కూతురికి. స్నానానికి నీళ్ళు తోడేది, ఉప్పు తగ్గించి విడిగా కూర చేసేది పెద్ద కూతురు. మా పెద్దమ్మాయి వండింది చూడండని పాల బూత్ దగ్గర ఎవరూ గిన్నె చూపించరు, నిజమే. ఆ సంగతి అసూయకి చెప్పి చూడండి, వింటుందేమో.

ఇవాళ తెలుగు సంఘం వాళ్ళు రోహిణికి సన్మానం పెట్టారు. వేదిక మీద ఆమె పక్కనే తండ్రికి కుర్చీ, శాలువా. బలరాం పొద్దున్నే గెడ్డం గీయించుకుని వచ్చాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాడు. భోంచేసి పడుకోబోతూ పెద్ద కూతురితో, "కారు రాగానే లేపమ్మా" అన్నాడు. "అలాగే నాన్నా" అంది మణిమాల. నిజంగా లేపుదామనే అనుకుంది. మంచం దాకా వెళ్ళింది కూడా. దిండు అంచున ఆ పుస్తకం మూల కనపడింది. బయట హారన్ మోగింది. ఆమె గేటు దగ్గరికి వెళ్ళింది.

అక్కడ ఏమందో కృష్ణమోహన్ గారికి తెలుసు, ఆయనతో కారులో వచ్చినవాళ్ళకి తెలుసు, ఇప్పుడు మొగుడికి దాదాపు తెలిసిపోయింది. ఇక తెలియకూడని మనిషి ఒక్కడే. తండ్రికి తెలిస్తే ఆయన కళ్ళలో తను ఏమైపోతుంది? రోహిణికి పుస్తకం ఉంది. తనకి ఉన్నదల్లా మంచి కూతురన్న పేరు.

వందన వచ్చి తల్లి పక్కన నిలబడింది.

"మమ్మీ, తాత కుర్చీ లాస్ట్ వరకూ ఖాళీగానే ఉంది. రోహిణి మౌసీ రోతే రోతే చదివింది, పతా హై?"

"ఏడిస్తే చప్పట్లు ఇంకా బాగా కొట్టుంటారు."

"మమ్మీ!"

"మెల్లగా."

వందన తల్లిని ఒక చూపు చూసి లోపలికి పోయింది.  

అప్పుడే పెరటివైపు స్కూటీ ఆగిన చప్పుడు వినిపించింది.

రోహిణి వీధి గుమ్మంలోంచి రాలేదు. ముందు గదిలో తండ్రి ఉంటాడు కాబట్టి చిన్నప్పటిలాగే పెరటి తలుపు తోసుకుని వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్ళు నలిగిపోయాయి. చేతిలో మడత విప్పని శాలువా ఉంది. అది తండ్రికి కప్పవలసిన శాలువా.

"నాన్న నిజంగా అలగ అన్నారా అక్కా?"

పలకరింపు లేదు, కూర్చోవడం లేదు. మణిమాల గ్లాసులో టీ వడపోసి ఆమె ముందు పెట్టింది. రోహిణి ముట్టుకోలేదు.

"చెప్పక్కా. ఏటి నచ్చలేదంట ఆయనకి? ఏ పేజీ? మళ్ళీ అచ్చు వేస్తామంటన్నారు, ఇప్పుడే చెప్తే మార్చుకుంటాను. మొన్న వచ్చినప్పుడు నా తల నిమిరారు కదా. మరి ఇంతలో ఏటైంది?"

తల నిమిరిన సంగతి మణిమాలకి తెలియదు. ఇప్పుడు తెలిశాక మంట ఇంకాస్త పెరిగింది.

"ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి ఆయన" అంది మెల్లగా, గిన్నె కడుగుతూ. "పుస్తకంలో చూస్తే ఒక్కతే ఉంది. ఎలాగ నచ్చుద్ది?"

రోహిణి అక్క వెనక్కి వచ్చి నిలబడింది.

"ఇది నాన్న మాటా, నీ మాటా?"

మణిమాల ఇంకో గిన్నె తీసుకుంది.

"అక్కా, ఇటు తిరుగు. నాన్న మాటా, నీ మాటా?"

"ఎవరిదైతే ఏటి? అబద్ధమా? నువ్వు లోపల చప్పుళ్ళు ఏరుకుని డబ్బాలో పెట్టుకున్నావు. బాగుంది. నువ్వు ఏరుకోడానికి ఇంట్లో నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చింది? బడి నుంచి రాగానే సంచి అక్కడ పడేసి గేటు కాడ కూర్చునేదాన్ని. నా ఈడు పిల్లలంతా రాళ్ళు పేర్చి పిట్టూ ఆడుకునేవోళ్ళు. నాను మాత్రం వాళ్ళని అరవొద్దని బతిమాలుతా ఉండేదాన్ని. నువ్వేమో నన్ను కుక్కని చేసీసినావు."

"కుక్కా?"

"నల్ల కుక్క. పళ్ళు బైట పెట్టే కుక్క. నాకు తెలీదనుకున్నావా?"

రోహిణికి ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. అది రాకుండా ఉంటే బాగుండేది.

"ఆ కుక్కంటే పిల్లలకి ఎంత ఇష్టమో తెలుసా అక్కా నీకు? ఏ బడికి ఎల్లినా దాని బొమ్మే వేసి చూపిస్తారు..."

"నా బొమ్మ వెయ్యమని నాను అడగలేదే! నాను ఉన్నానని రాయమన్నాను."

"రాసేదాన్ని." రోహిణి నవ్వు పోయింది. "రాయడానికి కూర్చున్నాను కూడా. అక్కని రాస్తే గిల్లుడు రాయాలి. నాకు నవ్వొచ్చినా గిల్లేదానివి, దగ్గొచ్చినా గిల్లేదానివి. చెయ్యి నోటికి అడ్డం పెట్టి ఊపిరాడకుండా నొక్కేదానివి. అది చదివితే నిన్ను అందరూ ఏటనుకుంటారు? అందుకే నిన్ను తీసీసి కుక్కని పెట్టాను. కుక్కైతే ఎవరూ ఏమీ అనుకోరు."

"ఓహో. నా మీద దయ చూపించినావన్నమాట."

"ప్రేమక్కా."

"నాకక్కర్లేదు నీ ప్రేమ!"

ఇదంతా గుసగుసగానే జరిగింది. ఉదయ్‌కుమార్ గోడకి చేరబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మధ్యలో వెళ్ళడానికి అతనికి దారి దొరకలేదు.

రోహిణి శాలువా బల్ల మీద పెట్టింది. "సరే, నాకక్కర్లేదు ఈ గొడవ. నాన్ననే అడుగుతాను."

"ఒద్దు."

"ఏటి ఒద్దు? పక్క గదిలోనే ఉన్నారు. ఒక్క మాట అడిగి వచ్చీస్తాను."

ఆమె ముందు గది వైపు నడిచింది. మణిమాల అడ్డం వచ్చి చెయ్యి పట్టుకుంది. రోహిణి విదిలించుకుంది. మళ్ళీ పట్టుకుంది. ఇద్దరూ తలుపు దగ్గర చిన్నపిల్లల్లా పెనుగులాడారు. అప్పుడు మణిమాల నోట్లోంచి ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎవరూ వినని గొంతు ఒకటి బయటికి వచ్చింది.

"నానే చెప్పాను! ఆయన రానన్నారని నానే చెప్పాను! పుస్తకం నచ్చలేదని నానే చెప్పాను! నువ్వు స్టేజీ మీద కూర్చుని, నాన్న నీ పక్కన కూర్చుని, ఊరంతా మిమ్మల్నిద్దరినీ చూస్తా ఉంటే నాను ఓర్చుకోలేను. ఓర్చుకోలేనంతే!"

పక్క క్వార్టర్‌లో టీవీ ఆగిపోయింది. వందన లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. ముందు గదిలో మంచం కిర్రుమంది.

బలరాం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తెల్ల చొక్కా వేసుకునే ఉన్నాడు. అందరి ముఖాలూ చూసి, చివరికి పెద్ద కూతురి దగ్గర ఆగాడు.

"ఎందుకే అంతలాగ అరుస్తావు? నాకేటి వినపడదా?"

"నాన్నా... మీరు..."

"మీరు గుసగుసలాడినా వినపడద్ది. ఎప్పుడూ వినపడీది."

ఆయన లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. రోహిణి ముట్టని టీ గ్లాసు తన వైపు లాక్కున్నాడు.

"ఫర్నేస్ కాడి నుంచి వొచ్చినోడికి పగలు నిద్రేటి పట్టద్దే? కళ్ళు మూస్తే ఎర్రగా కనపడీది. చెవుల్లో హోరు. మీ అమ్మ కిటికీలకి దుప్పట్లు కట్టీది. మీరిద్దరూ పిల్లుల్లాగ నడిచీవోరు. అంత పాటు పడతంటే లేచి కూచోడానికి సిగ్గేసీది నాకు. అందుకే కళ్ళు మూసుకుని పడుకునీవోణ్ణి."

"ఎప్పుడూ నిద్రపోలేదా నాన్నా?" అంది రోహిణి.

"ఎప్పుడన్నా కునుకు పట్టీది."

"మరి... నా పుస్తకం విని ఎందుకు ఏడ్చారు?"

"మీరంతా నిజంగానే నమ్మినారు కదా అని."

రోహిణి కుర్చీ మీద కూలబడింది. పుస్తకం పేరే పగటి నిద్ర. ఆ నిద్రే లేదు. ఊరూరా తల్లులు తండ్రులు కళ్ళు తుడుచుకున్న డబ్బాలో, ఆయన అప్పటికే విన్న చప్పుళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

మణిమాల సంతోషించింది. దాచడమెందుకు, తన గుట్టు రట్టయి ఇంకా నిమిషం కాలేదు, అయినా సంతోషించింది. చెల్లెలు రాసినదంతా తప్పు. గేటు దగ్గర తను పడ్డ పాటు మాత్రం ఆయన విన్నాడు. ఐస్‌వాడిని తరమడం విన్నాడు, పక్కింటి రేడియో కోసం తగువు పడడం విన్నాడు. ఆ తీపి ఆమె నోట్లో ఉండగానే ఇంకో ఆలోచన తట్టింది. పగలు నిద్ర పట్టదంటే, మరి ఇవాళ?

ఆ మాట ఉదయ్‌కుమార్ అడిగాడు.

"ఇయ్యాల కూడా మెలకువగానే ఉన్నారా మామయ్యా?"

"ఆ. హారన్ ఇనగానే లేచినాను. చొక్కా తొడుక్కున్నాను. చెప్పుల్లో కాలు కూడా పెట్టినాను."

"మరి రాలేదేటి?"

బలరాం టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఎలాగ వస్తాను అల్లుడూ? నాను రానన్నానని నా కూతురు గేటు కాడ పెద్దమనుషులకి చెప్తంది. కిటికీలోంచి ప్రతి మాటా వినపడతంది. నాను చొక్కా వేసుకుని బైటికొస్తే దాని మాట ఏటవ్వాలి? నలుగురిలో దాని మొహం ఎక్కడ పెట్టుకోవాలి? చొక్కా విప్పకుండానే దుప్పటి కప్పుకుని పడుకున్నాను. కారు ఎల్లిపోయేదాకా దుప్పటి కూడా తియ్యలేదు."

మణిమాల తండ్రిని చూసింది. ఏళ్ళ తరబడి ఆమె కోరుకున్నది ఇదే. చెల్లెలూ తనూ ఎదురెదురుగా నిలబడితే ఆయన ఒక్కసారైనా తన వైపు రావాలని. వచ్చాడు. తను చెప్పిన అబద్ధం నిలబెట్టడానికి, పొద్దుట్నుంచీ ఎదురుచూసిన కుర్చీని వదులుకున్నాడు. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. ఆ సిగ్గు అడుగున మాత్రం ఇంకేదో వెచ్చగా ఉంది, దాన్ని ఏమనాలో ఆమెకి తెలియలేదు.

రోహిణి లేచింది. ఆమె అరవలేదు. ఈ ఇంటి పద్ధతిలోనే, పక్క మనిషికి మాత్రమే వినపడేలా అడిగింది.

"అక్క మాట ఏటవ్వాలని ఆలోచించినారు, బాగుంది. ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నాను నాన్నా నాను. మా నాన్నకి నా పుస్తకం నచ్చలేదని నమ్ముకుని, అంతమంది ముందు చదివినాను. నా మాట ఏటవ్వాలి?"

బలరాం టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.  రోహిణి బల్ల మీది శాలువా వైపు కూడా చూడకుండా, ఈసారి ముందు గదిలోంచి, వీధి గుమ్మంలోంచి బయటికి నడిచింది. తలుపు ఆమె వెనకాల ధడాలున కొట్టుకుంది.

"మౌసీ!" అంటూ వందన వెనకాలే వెళ్ళింది.

"ఎల్లి పిలవ్వే" అన్నాడు బలరాం పెద్ద కూతురితో. "నాను పిలిస్తే రాదు. నువ్వు పిలిస్తే వస్తది. ఎల్లు."

ఇంటి చుట్టూ తిరిగి రోహిణి పెరటివైపు స్కూటీ దగ్గరికి చేరింది. స్టార్ట్ చెయ్యబోతోంది. మొదటిసారి అందుకోలేదు. ఇంకా టైముంది. పెరటి తలుపు తీసి ఒక్క కేక వేస్తే చాలు.

మణిమాల కదల్లేదు. తండ్రి తన వైపు ఉన్నది ఈ ఒక్క నిమిషమే. అందులో చెల్లెలికి వాటా ఇవ్వడానికి ఆమెకి మనసు రాలేదు.